మూడో దెబ్బ

నేను డ్రమ్ మెషిన్‌కు ప్యాచ్‌లు తయారుచేసి ఊరికే పంచిపెడుతుంటాను. విరుదునగర్‌లో నేను లెక్కలు చూసే పప్పు మిల్లులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినా ఒరిగేదేమీ లేదు. ఒకసారి మా ఓనరు నా చెవుల్లో హెడ్‌ఫోన్స్ చూసి "భక్తి పాటలా?" అని అడిగాడు. అవునన్నాను. ఉరుమి డోలు మూలుగు భక్తి కిందికి వస్తుందో రాదో అప్పటికి మా ఊళ్లో ఇంకా తేలలేదు.

పెట్టె సంగతి ముందు చెప్పాలి. కోవిల్‌పట్టిలో పెళ్లిళ్లకు పాటలు పాడే ట్రూపు ఒకటి మూతపడినప్పుడు, అందులో కీబోర్డు వాయించే ఆయన దగ్గర దాన్ని కొన్నాను. టిఫిన్ క్యారియర్‌ను పడుకోబెట్టినంత ఉంటుంది. పైనంతా తిప్పే నాబ్‌లు, నొక్కే బటన్లు. సింథసైజర్ అంటారు. దానంతట అదేమీ వాయించదు. ఏ శబ్దం ఎలా పుట్టాలో, ఎంతసేపు మోగాలో, ఎలా ఆగాలో మనమే లాప్‌టాప్‌లో రాసి అందులోకి ఎక్కించాలి. ఆ రాసినదాన్నే ప్యాచ్ అంటారు. ఒక ప్యాచ్ ఎక్కిస్తే డోలు అవుతుంది, ఇంకోటి ఎక్కిస్తే గజ్జెలవుతుంది. "అక్కా, ఇది చెప్పినమాట వినదు" అని అమ్మినాయన ముందే హెచ్చరించాడు. మా ఇంట్లో అది మామూలే అన్నాను.

మొదట చేసిన ప్యాచ్ పేరు అగ్గిపెట్టె. సగం నిండిన అగ్గిపెట్టెను చెవి దగ్గర ఆడిస్తే వచ్చే శబ్దం. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు చేసే ఊరు, అక్కడ పుట్టినవాళ్లకు ఆ శబ్దం వింటే పెట్టెలో ఎన్ని పుల్లలున్నాయో కూడా తెలుస్తుంది. తర్వాత బస్సు తలుపు. తర్వాత తాళింపు, అంటే ఆవాలు చిటపటలాడటం. ఇంటర్నెట్‌లో ఈ పెట్టె వాడేవాళ్లంతా కలిసే చోటు ఒకటుంది. అక్కడ పెట్టాను. ఓపెన్ సోర్స్ అంటే అదే. వంటతో పాటు వంట చేసిన తీరు కూడా బయటపెట్టడం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేస్తే తిరిగి పంపొచ్చు. తాళింపును చలిదేశాలవాళ్లు తెగ వాడారు. వాళ్లకది ఆవాలని తెలియదు. వాన అనుకున్నారట.

కోవిల్‌పట్టిలో మా ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే. ఆయన ఆలంగుళం వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. గడప లోపల మాది తెలుగు, బయట తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నా అంతట నేను నేర్చుకున్నాను. ఆయనకు అవసరం పడలేదు. ఒకసారి గుంటూరు నుంచి మిరపకాయల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు ఆయన మాట విని "మా ముత్తవ్వ ఇట్లాగే మాట్లాడేదండీ" అన్నాడు. నాయన దాన్ని మెచ్చుకోలు అనుకుని టీ ఇప్పించాడు.

ఊరికే పంచిపెట్టడం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.

"పక్కింటామె కరేపాకు అడిగితే మొగం ముడుస్తావు. ఊరూ పేరూ తెలవనోడికి ఇదంతా ఊరికే ఇస్తావా పాపా?" అన్నాడు. నా జుట్టు సగం నెరిసినా ఆయనకు నేను పాపనే.

"కరేపాకు తిరిగి రాదు నైనా. ఇది బాగుపడి తిరిగొస్తాది."

"బాగుపడే వస్తాదని నీకు ఎవురు చెప్పినారు?"

టీ పెట్టడానికి లేచాను.

మా సొంతూరు కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ మధ్య, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోవాలి. నల్లరేగడి, పత్తి, మొక్కజొన్న. ఏటా అమ్మవారికి తిరువిళా, అంటే జాతర, చేస్తాం. ఆ రోజు మగవాళ్లు చేతిలో గుడ్డలు పట్టుకుని రెండు వరుసలుగా నిలబడి ఆడతారు. దానికి ఉరుమి కొట్టాలి. ఒక ముఖం మీద సన్నటి పుల్లతో కొడతారు, రెండో ముఖాన్ని వంకర పుల్లతో రుద్దుతారు. రుద్దితే అది కడుపునొప్పి వచ్చిన మనిషిలా మూలుగుతుంది. ఆ రోజు మొదటి దెబ్బ పడేది ఒక్క ఇంటి నుంచే. అది మా ఇల్లు. మా తాత కొట్టాడు, తర్వాత నాయన కొట్టాడు. ఏ ఏడైనా ఆ ఇంటివాళ్లు కొట్టలేకపోతే మురై, అంటే వంతు, పక్క పంగాళికి, అంటే దాయాది ఇంటికి పోతుంది. పోయినది తిరిగి రాదు. ఆడవాళ్లు ఉరుమిని తాకకూడదు. నాయనకు కొడుకులు లేరు.

మా ఊరి ఆటను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వెక్కిరిస్తారు. "మీవాళ్లు మూడో అడుగు మరిచిపోయి మళ్లీ గుర్తు తెచ్చుకున్నట్టు ఆడతారు" అంటారు. వాళ్లకు కుళ్లు అనుకునేవాళ్లం.

ఉరుమి ప్యాచ్ చేసినప్పుడు నాయన చెయ్యి బాగానే ఉంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను ఒక శబ్దం వినిపిస్తే "ఇది బర్రె" అనేవాడు. ఇంకోటి వినిపిస్తే "ఇది బర్రె దూడ" అనేవాడు. నెలల తరబడి పశువుల కొట్టంలోనే తిరిగాం. ఒక ఆదివారం ఏమీ అనలేదు. తల తిప్పి గోడకు వేలాడుతున్న ఉరుమి వైపు చూసి, "అది ఆడనే ఉండాదా?" అన్నాడు. అయిపోయిందని తెలుసుకున్నాను. దెబ్బల వరసను నేనే బటన్ల మీద వేళ్లతో తట్టి ఎక్కించాను. లెక్క పెట్టుకోలేదు. చిన్నప్పటినుంచి విన్నదే తట్టాను. ఆ ప్యాచ్‌నూ మిగతావాటితో పాటు అక్కడే పెట్టాను.

తర్వాతి వేసవిలో నాయనకు వాతం కొట్టింది. కుడిచెయ్యి పడిపోయింది. విరుదునగర్ ఆస్పత్రిలో డాక్టరు, మాట పోలేదు, అది మీ అదృష్టం అన్నాడు. ఆ డాక్టరు మా ఇంట్లో ఒక్క పూట ఉంటే అదృష్టం అనే మాట మానుకునేవాడు. ఆ రోజు నాయనను కారులో వేసుకొచ్చింది చిన్నాయన. నాయనకు పంగాళి తమ్ముడు, పత్తి రైతు. మురై పోతే పోయేది ఆయన ఇంటికే.

చెయ్యి పోయినందుకు నాయన ఏడవలేదు. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుని, నేర్పడానికి వచ్చినామెకే తప్పులు చెప్పాడు. తిరువిళా దగ్గరపడి, ఊరి నుంచి చిన్నాయన వచ్చి చాప మీద కూర్చుని "ఏమి చేస్తాము అన్నా?" అని అడిగినప్పుడు మాత్రం గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను ఆయన ఏడవగా చూడటం అదే మొదలు.

"పెట్టె ఉండాది గదా నైనా, అది కొట్టనీ" అన్నాను.

దానితో ఊరు కూట్టం, అంటే పంచాయితీ, పెట్టాల్సి వచ్చింది. పెట్టెను తీసుకెళ్లి రచ్చబండ మీద పెట్టాను. ఊరిపెద్ద, మాకు తాత వరస, దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"దీనికి తోలు ఉండాదా?"

"లేదు తాతా."

"తోలు లేకుంటే తీట్టు ఏడిది? ఆడపిల్ల తాకొచ్చు."

తీట్టంటే మైల. అది అంత తేలిగ్గా పోతుందని నేను అనుకోలేదు. అప్పుడు చిన్నాయన లేచాడు. ఆయన ఉన్నమాట అనే మనిషి. "నాకు మురై వద్దనను. వస్తే తీసుకుంటాను. ఒకటి చెప్పండి, ఇది కొడితే అది అన్న ఇంటి దెబ్బ ఎట్ల అవుతాది? పెట్టె ఎవురో జపాన్‌వాడు చేసిండేది."

ఇది గట్టి ప్రశ్న. చివరికి వెనక నుంచి ఎవరో, అది దేనితో ఆడుతుందని అడిగారు. కరెంటుతో అన్నాను. ఆ కరెంటు ఎవరిదన్నారు. ఊరిపెద్ద అందుకున్నాడు.

"ఊర్లో వాళ్ల ఇంటికి మీటరు ఉండాది. ఆ మీటర్లో నుంచి వైరు గుంజి పెట్టెకు తగిలిస్తే అది వాళ్లింటి దెబ్బ దా. పాప మీట నొక్కి చెయ్యి ఎత్తెయ్యాల. వేళ్లతో తట్టకూడదు. తట్టితే అది ఆడదాని చెయ్యి అవుతాది."

దెబ్బ దా అంటే మా తమిళం కలిసిన మాటలో దెబ్బే అని. అందరూ సరి సరి అన్నారు. కరెంటు ఆఫీసువాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

కోవిల్‌పట్టికి తిరిగొచ్చాక నాయన పెట్టెకు రోజూ పొద్దున విభూతి పెట్టడం మొదలుపెట్టాడు. నాబ్‌లలోకి పొడి పోతుందని చెప్పాను. ఉరుమికి పెట్టినప్పుడు ఏమైనా అయిందా అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కప్ప ఉత్తరం వచ్చింది. కప్ప అంటే ఇంటర్నెట్‌లో నా ప్యాచ్‌లు వాడేవాళ్లలో ఒకడు, మంచు కురిసే ఏదో ఊరివాడు. ఫోటో ఉండాల్సిన చోట పచ్చకప్ప బొమ్మ పెట్టుకున్నాడు. చాలా మర్యాదస్తుడు. ముందుగా తాళింపు అద్భుతం అన్నాడు. ఆ తర్వాత, మీ ఉరుమి ప్యాచ్‌లో ప్రతి వరసలోనూ మూడో దెబ్బ ఆలస్యంగా పడుతోంది, ప్రతిసారీ అంతే ఆలస్యం, బహుశా మీ పెట్టెలో గడియారం చెడిపోయి ఉంటుంది, నేను అన్నీ సరిచేసి పంపిస్తున్నాను, మీరు ఒప్పుకుంటే చాలు అని రాశాడు.

నాకు ఒళ్లు మండింది. మా ఉరుమి సంగతి వీడికేం తెలుసు అనుకున్నాను. మర్నాడు బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కన తాళం తప్పకుండా కొట్టే మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటుండగా విన్నాను. ఒకటి, రెండు సరిగ్గా పడ్డాయి. మూడోది పడాల్సిన చోట పడలేదు. తీరిగ్గా, చెప్పులు వెతుక్కుని వచ్చినట్టు వచ్చింది. సాత్తూరు దాటేదాకా అదే విన్నాను. ప్రతిసారీ అంతే. పాత తిరువిళాల్లో నాయన వాయించిన వీడియోలు ఫోనులో ఉంటే అవీ విన్నాను. వాటిలోనూ లేటే. వయసులో ఉన్నప్పుడు నాయన కుడిచేతి వేలు సిమెంటు మూటల బెల్టులో నలిగింది. అతికింది, నయమైంది అనేవాడు. నయమైందనే మేమూ అనుకున్నాం.

సాయంత్రం ఇంటికొచ్చి, కప్ప రాసింది ఆయనకు చెప్పాను.

"లేటా? ఎవురు? నేనా?" నాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఆలంగుళంలో సైరను కూసేముందే గేట్లో నిలబడి ఉంటాను. నన్ను చూసి దా సైరను కూస్తాది. నేను లేటా?"

"నువ్వు కాదు నైనా, మూడో దెబ్బ."

"అది నువ్వు తట్టిండేది. నీ చెయ్యి లేటు."

"వీడియోలో నువ్వే గదా వాయిస్తా ఉండావు?"

"ఫోను లేటు."

ఫోను తరఫున నేనేం మాట్లాడను? ఆయన కాసేపు మీసం లాక్కుని, "ఆ కప్ప చెప్పేది సరి. మార్చు. నాలుగు ఊళ్లోళ్లు వస్తారు. మన ఇంటి దెబ్బ తప్పుగా పడకూడదు" అన్నాడు. కప్ప పంపినదానికి ఒప్పుకుంటున్నానని బటన్ నొక్కి, ఆ ప్యాచ్‌నే పెట్టెలోకి ఎక్కించి వినిపించాను. దెబ్బలు గీత గీసినట్టు పడ్డాయి. నాకెందుకో మెట్లు దిగుతుంటే ఒక మెట్టు తక్కువైనట్టు ఉందని చెప్పాను. "నీకు పలక్కం లేదు, అంతే" అన్నాడు. అలవాటు లేదని ఆయన భావం. "ఇది దా నేను."

తిరువిళా రోజు పొద్దున మా ఇంటి మీటరు దగ్గర నుంచి వైరు లాగారు. మా వైరు చాలక మైకుసెట్టు ఆయన వైరు, అది చాలక చిన్నాయన బోరు మోటారు వైరు కలిపారు. వైరు చిన్నాయనదైనా కరెంటు మాదేనని ఊరిపెద్ద అక్కడికక్కడే తేల్చాడు. దాన్ని ఎవరూ దాటకుండా ఇద్దరు కాపలా నిలబడ్డారు. మేకలు దాటాయి. ఉరుమిని కూడా తెచ్చి, తాటాకు మంట మీద తోలు కాచి, పెట్టె పక్కన తెల్లగుడ్డ మీద పెట్టారు. కొట్టకపోయినా కాచాలట. నాయన కొత్త పంచె కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో, పెట్టెకు ఎదురుగా కూర్చున్నాడు. మగవాళ్లు రెండు వరుసలు కట్టారు. నేను మీట నొక్కి చెయ్యి ఎత్తేశాను.

మొదటి దెబ్బ మా ఇంటి కరెంటుతో, ఊరంతా వినబడేలా పడింది. నాయన కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు. మూడోది పడింది. అడుగులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

రెండో వరస దెబ్బల్లోనే ముందువాళ్లు ఆగారు, వెనకవాళ్లు వచ్చి తగిలారు. ఒకాయన చేతిగుడ్డ ఇంకొకాయన చెంప మీద ఛెళ్లుమంది. ఆపమన్నారు. ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. పక్క ఊరి అల్లుడొకడు పైకే నవ్వాడు. మోకాళ్ల నొప్పులున్న ఆయన పెట్టె వైపు వేలు చూపించి, "ఇది ఏంటికి తరుముతా ఉండాది మమ్మల్ని?" అని అడిగాడు.

నాయన కుర్చీలోంచి లేచాడు. "మీరు ఎవురూ తాళంలో లేరు! తిన్నగా దా పడతా ఉండాది. నన్ను చూడండి."

ఎడమచేత్తో ఒకడి గుడ్డ లాక్కుని వరుస ముందు నిలబడ్డాడు. నన్ను మీట నొక్కమన్నాడు. పడిన చెయ్యి వేలాడుతుండగా ఆడాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బ పడింది. ఆ తర్వాత, తీరిగ్గా, ఆయన కాలు పడింది. ఇంకో వరస ఆడాడు. మళ్లీ అంతే. ఆయన ఆగిపోయి తన పాదం వైపు చూసుకున్నాడు. పెట్టె మాత్రం ఎవరికోసమూ ఆగకుండా సరిగ్గా కొట్టుకుంటూ పోయింది.

"నిలుపు" అన్నాడు నాయన. నిలిపాను.

పాతది కోవిల్‌పట్టిలో లాప్‌టాప్‌లో ఉంది, పోయి తెస్తానన్నాను. నల్ల నేరం, అంటే మంచి గడియ, దాటిపోతుందన్నారు. అయితే నేనే వేళ్లతో తడతాను, నా చేతికి ఆ లేటు వచ్చు అన్నాను. ఊరిపెద్ద తల అడ్డంగా ఊపాడు. "తట్టితే అది నీ చెయ్యి దా. మీటరు కాదు." నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. మా ఇంటి మీటరుకున్న పాటి విలువ నా చేతికి లేదు.

నాయన వంగి, తెల్లగుడ్డ మీది ఉరుమిని ఎడమచేత్తో ఎత్తాడు. పట్టీ జారుతోంది. నేను సాయం పట్టకూడదు. చిన్నాయన దగ్గరికొచ్చాడు.

"వద్దు అన్నా. పాప పోయి తెచ్చేదాకా ఉంటాము."

"మనము ఉంటాము. అమ్మ ఉండదు. తల వంచు."

చిన్నాయన తల వంచాడు. నాయన ఆ పట్టీని ఆయన మెడలో వేసి వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను వైరు వైపు చూశాను.

చిన్నాయన కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బ పడాల్సిన చోట పడలేదు. చెప్పులు వెతుక్కుని వచ్చినట్టు, తీరిగ్గా వచ్చింది. దానితో పాటే అందరి అడుగులూ ఒక్కటిగా పడ్డాయి. చిన్నాయన వేళ్లు ఏ బెల్టులోనూ నలగలేదు. ఆయనకు ఎవరూ నేర్పలేదు కూడా. ఏటా ఆ వరుసలో ఆడుతూ విన్నాడు, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. నాయన మాత్రం నా వైపు వంగి, చాలా గంభీరంగా, "వాడూ లేటే" అన్నాడు.

కోవిల్‌పట్టికి చేరేసరికి సాయంత్రమైంది. కాఫీ తాగి లాప్‌టాప్ తెరిచాను. కప్ప సరిచేసినదాన్ని తీసేసి, పాతదాన్ని మళ్లీ పెట్టాలి. ఎందుకు మారుస్తున్నామో కారణం రాయమని అక్కడ ఒక గడి ఉంటుంది. మురైతో పాటు ఉరుమి కూడా చిన్నాయన ఇంటికి పోయింది, దాన్ని తగిలించిన మేకు మా గోడ మీద ఇంకా అలాగే ఉంది. నాయన దాని కిందే కూర్చుని ఉన్నాడు.

"కప్పకు ఏమి రాయాల నైనా?" అని అడిగాను.

నాయన తలెత్తి మేకు వైపు చూశాడు.

"మొదటి దెబ్బ మా ఇంట్లో నుంచి పోయింది అని రాయి" అన్నాడు. "మూడోది మాదే. దాన్ని తాకొద్దు అని రాయి."

అలాగే రాశాను.